మోచేతి మడతలో దూది

"కాళ్ళల్ల చక్రాలున్నయా ఏందే నీకు? ఒక్కకాడ కూసోవు" అని ఆ వేసవిలో అమ్మ ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. నిజంగానే కూర్చోలేకపోయేదాన్ని. కూర్చుంటే ఆలోచనలు వస్తాయి, నడిస్తే కొంచెం తక్కువగా వస్తాయి. అందుకని సూరత్‌లో మేముండే డిండోలిలో మా సందు మొదటి నుంచి రైలు పట్టాల దాకా, పట్టాల దగ్గర నుంచి మళ్ళీ సందు దాకా తిరిగేదాన్ని. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండేవి, అందులో ఏ పాటా మోగేది కాదు. ఎవరైనా పలకరిస్తే వినపడనట్టు తలూపి వెళ్ళిపోవడానికి పనికొచ్చేవి.

అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరం, ల్యాబ్ టెక్నాలజీ. ఏ క్రిమి రక్తంలోంచి వస్తుంది, ఏది పక్క పంచుకుంటే వస్తుంది, ఏది పరీక్షలో ఎన్నాళ్ళకు గానీ బయటపడదు, అన్నీ గడగడా చెప్పేదాన్ని. మార్కులు కూడా బాగా వచ్చేవి. ఆ మార్కులన్నీ కలిపినా ఒక అబ్బాయి ముందు నోరు తెరిచి ఒక ప్రశ్న అడగడానికి చాల్లేదు. నా మీద నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దానికే.

ఆ అబ్బాయి మా వాళ్ళ అబ్బాయే. కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి కరెంటు మగ్గాలు నడిపే కుటుంబాలు మావి. మగ్గాలని మేము సాంచాలంటాం. వాళ్ళ నాన్న, మా బాపు ఒకే షెడ్డులో చాలాకాలం సాంచాలు నడిపారు. అతను వేరే కాలేజీలో కామర్స్ చదివేవాడు. ఇద్దరికీ ఇరవై దాటాయి. సూరత్‌లోనే వడోద్ అనే చోట అతని స్నేహితుడికి ఒక గది ఉండేది, ఆ స్నేహితుడు పగటి డ్యూటీకి వెళ్ళినప్పుడు తాళం చెవి మాకు ఇచ్చేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు భయం వేసింది, తర్వాత సంతోషం వేసింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనపడలేదు నాకు, ఇప్పుడూ కనపడదు.

కండోమ్ సంగతి దగ్గరే తేడా వచ్చేది. డిండోలిలో మందుల షాపుల వాళ్ళందరికీ మా బాపు తెలుసు, కాబట్టి నేను కొనలేను. అతను తెస్తానంటాడు. కొన్నిసార్లు తెచ్చేవాడు. తేని రోజు "ఈ ఒక్కసారికి ఏం గాదు" అనేవాడు. నేను ఊరుకునేదాన్ని. మా భయమంతా కడుపు గురించే. నెలసరి వచ్చిందంటే గండం గడిచినట్టే అనుకునేవాళ్ళం. మిగతా భయాలన్నీ నాకు పరీక్ష పేపర్లో మాత్రమే ఉండేవి.

ఆ వేసవి మొదట్లో అతను క్లాసు అబ్బాయిలతో దామన్ వెళ్ళాడు. గుజరాత్‌లో మందు దొరకదు, పక్కనే ఉన్న దామన్‌లో దొరుకుతుంది కదా, సూరత్ కాలేజీ కుర్రాళ్ళకు దామన్ అంటే తీర్థయాత్రే. వెళ్ళొచ్చిన తర్వాత అతను ఫోన్‌లో ఒక్కో మాటే మాట్లాడటం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు కలవలేదు. కలిసిన రోజు మళ్ళీ అదే మాట, ఈ ఒక్కసారికి. "దామన్ల ఏం జేసిన్రు?" అని అడిగితే "ఏం జేస్తరు? తాగినం, పన్నం" అని గోడ వైపు తిరిగాడు. తర్వాత ఒకరోజు తాళం చెవి తిరిగి ఇస్తుంటే ఆ గది స్నేహితుడు నవ్వుతూ అన్నాడు, "మావోడు దామన్ పోయొచ్చినంక మెడికల్ షాపు సుట్టే తిరుగుతుండు, జర చూస్కో."

ఆ రోజు నుంచే నా నడక. అడగాలని వెళ్ళేదాన్ని, అతని ఇంటి సందు మొగలో నిలబడి వెనక్కి వచ్చేదాన్ని. ఫోన్‌లో టైపు చేసి చెరిపేసేదాన్ని. అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. గోళ్ళ పక్కన చర్మమంతా కొరుక్కున్నాను. పొత్తికడుపులో కొంచెం నొప్పి వచ్చినా రోగం అంటుకుందనే అనుకునేదాన్ని, రాకపోయినా అదే అనుకునేదాన్ని. క్లాసులో సార్ ఆ పాఠమే చెప్తుంటే బయటికి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను.

ఇలా ఉండగా రక్తదాన శిబిరం వచ్చింది. మా బాపుకు ఆ శిబిరం అంటే ప్రాణం. ఏటా మా సమాజం హాల్లో పెడతారు, పెట్టించేది బాపే. ఇంటికి ఒకరైనా రక్తం ఇవ్వాలన్నది ఆయన పట్టు. ఇచ్చినవాళ్ళ ఇంటిపేరు మైకులో చదువుతారు, ఒక స్టీలు డబ్బా ఇస్తారు. ఇచ్చిన మనిషి మోచేతి మడతలో దూది, దాని మీద తెల్ల పట్టీతో బయటికి వస్తుంటే అందరూ చప్పట్లు కొడతారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. బీపీ ఎక్కువనో, ఒంట్లో రక్తం తక్కువనో వెనక్కి పంపినవాళ్ళు దూది లేకుండా బయటికి వస్తారు. వాళ్ళను హాలంతా పట్టుకుంటుంది. "ఏమైందిరా? ఏం రోగం?" ఒక మామనైతే నెలంతా ఏడిపించారు, పాపం అతనికి ఉన్నది బీపీ. అప్పటి నుంచి వెనక్కి పంపినవాళ్ళకు కూడా నేనే దూది పెట్టి పట్టీ వేయడం మొదలుపెట్టాను. రక్తబ్యాంకు డాక్టరమ్మ అది చూసి చిన్నగా నవ్వింది, వద్దనలేదు.

నేను డాక్టరమ్మ పక్కన పరదా వెనక కూర్చునేదాన్ని. ఆమె హిందీలో అడిగే ప్రశ్నలు నేను తెలుగులో చెప్పాలి. నిజానికి మా వాళ్ళలో చాలామందికి నాకంటే మంచి హిందీ వచ్చు. తన బిడ్డ డాక్టర్ పక్కన కూర్చుందని హాలంతా చూడాలన్నది బాపు ముచ్చట, అంతే. కామెర్లు వచ్చాయా, మలేరియా వచ్చిందా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా, ఇవన్నీ చక్కగా అడిగేదాన్ని. తర్వాత ఒక ప్రశ్న ఉంటుంది. భార్యతో కాకుండా బయట ఎవరితోనైనా, జాగ్రత్త లేకుండా, అని. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన పెద్దబాపును అది ఎలా అడుగుతాను? అందుకని దాని దగ్గరికి వచ్చేసరికి "మిగతాయన్ని మంచిగనే ఉన్నయా పెద్దబాపూ?" అనేదాన్ని. "మంచిగనే ఉన్న బిడ్డా" అనేవాళ్ళు. నేను డాక్టరమ్మ వైపు తిరిగి, ఏమీ లేదట అని హిందీలో చెప్పేదాన్ని.

ఆ ఆదివారం పరదా తీసుకుని అతను లోపలికి వచ్చాడు.

వస్తాడని నేను అనుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెయ్యి మడిచి, ఏమీ తెలియనట్టు కుర్చీలో కూర్చున్నాడు. బయట బాపు పక్క కుర్చీలో వాళ్ళ నాన్న కూర్చున్నాడని అంతకుముందే చూశాను. డాక్టరమ్మ అతని చేతికి బీపీ పట్టీ చుడుతూ "పూఛ్ లే బేటా" అంది నాతో, అడగమని.

"కామెర్లు?" అన్నాను.

"లేవు."

"పచ్చబొట్టు?"

"నీకు తెల్వదా ఏంది?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళ నడకా, తినని అన్నమూ, కొరుక్కున్న వేళ్ళూ అన్నీ కలిసి నోటి దాకా వచ్చాయి. డాక్టరమ్మకు తెలుగు రాదు. పరదా అవతల ఉన్నవాళ్ళందరికీ వచ్చు. గొంతు బాగా తగ్గించి అడిగాను.

"దామన్ల ఎవలతోనన్న పడుకున్నవా?"

నవ్వు ఆగిపోయింది. "జర మెల్లగ. మా బాపు బయటనే ఉన్నడు."

"పడుకున్నవా లేదా?"

"అందరు పోయిన్రు. తాగి ఉన్న. నేను గూడ పోయిన."

"కండోమ్?"

తల అడ్డంగా ఊపాడు. బీపీ పట్టీలో గాలి నిండుతున్న చప్పుడు వినపడింది.

"అదైనంకనే నా తానికి వచ్చినవ్" అన్నాను.

"ఉచ్చ పోస్తే జర మంట లేసింది. మెడికల్ షాపుల అడిగి గోలీలు ఏస్కున్న. తగ్గింది. ఇప్పుడేం లేదు."

"ఏం లేకుంటే ఈడికి ఎందుకొచ్చినవ్?"

"గందుకే వచ్చిన" అన్నాడు. అప్పుడు అతని ముఖంలోకి నిజంగా భయం వచ్చింది. "ఈళ్ళు రక్తం తీస్కోని అన్ని టెస్టులు జేస్తరట గద. ఏమన్న ఉంటే ఫోన్ జేస్తరు. జెయ్యకుంటే ఏం లేనట్టే. దవాఖానకు పోతే ఎవలన్న జూస్తరు. ఈడనైతే ఎవలకు అనుమానం రాదు."

ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. ఊరంతా చప్పట్లు కొడుతుండగా, స్టీలు డబ్బా చేతిలో పెడుతుండగా, రహస్యంగా పరీక్ష చేయించుకుంటాడట. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కొత్తగా అంటుకున్నది ఏదైనా ఉంటే ఆ పరీక్షలో దొరకకపోవచ్చు. అప్పుడు ఆ రక్తం మంచిదనే అనుకుంటారు. కాన్పు కష్టమైన ఎవరికో, బండి మీద నుంచి పడిన ఎవరికో ఎక్కిస్తారు. వాళ్ళు దామన్ ఎప్పుడూ వెళ్ళి ఉండరు.

"టెస్టుల దొరకకపోతే? ఆ రక్తం ఎవలకు ఎక్కిస్తరో ఎర్కేనా నీకు?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. అంతవరకు ఆలోచించలేదని ఆ తల చూస్తేనే తెలిసింది.

డాక్టరమ్మ చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి "క్యా బోల్ రహా హై?" అంది, ఏమంటున్నాడు అని.

ఏమీ లేదట అని చెప్పడం నాకు అలవాటే. పొద్దుటి నుంచి చెప్తూనే ఉన్నాను. అది చెప్తే ఎవరికీ ఏమీ తెలియదు, ఇద్దరి తండ్రులూ బయట చప్పట్లు కొడతారు. నిజం చెప్తే ఈమె నన్ను అడుగుతుంది, నీకెలా తెలుసని. పైగా ఆఖరున రక్తమిచ్చేది నా బిడ్డే అని బాపు అప్పటికే మైకులో చెప్పించాడు.

"నహీ లే సక్తే మేడమ్" అన్నాను. "ఇన్‌కా భీ, మేరా భీ." అతనిదీ తీసుకోకూడదు, నాదీ తీసుకోకూడదు.

ఆమె అతన్ని చూసింది, నన్ను చూసింది. బీపీ పట్టీ విప్పి మడిచి పెట్టింది. తిడుతుందేమో అనుకున్నాను. ఒకటే అడిగింది, మిగతావాళ్ళందరినీ ఈ ప్రశ్న అడిగావా అని. అడగలేదని చెప్పాను. ఏమని అడిగానో కూడా చెప్పాను. అప్పుడు తిట్టింది. గొంతు పెంచకుండా, పళ్ళ మధ్య నుంచి, గుజరాతీలో తిట్టింది. ఆ తిట్లు నాకు పూర్తిగా అర్థమయ్యాయి.

నేను దూది తీసి అతని మోచేతి మడతలో పెట్టి పట్టీ వేశాను. నా చెయ్యి మెత్తగా లేదు, అతని చేతి వెంట్రుకలు లాక్కుపోయాయి. "పెద్ద దవాఖానకు పో. టెస్టు చేయించుకో. రేపే పో" అన్నాను. అతను దూదితో బయటికి వెళ్ళాడు. చప్పట్లు వినపడ్డాయి.

తర్వాత డాక్టరమ్మ పొద్దుటి నుంచి రక్తం ఇచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే బీపీ మళ్ళీ చూడాలని వెనక్కి పిలిపించింది. నన్ను పరదా బయట నిలబెట్టి తానే హిందీలో అడిగింది. అందరికీ అర్థమైంది, అందరూ జవాబు చెప్పారు. ఒక మనిషి మాత్రం చాలాసేపు లోపలే ఉన్నాడు. అతను బయటికి వచ్చాక ఆమె ఒక రక్తం సంచి విడిగా తీసి పక్కన పెట్టించింది. అది ఎవరిదో నేను చెప్పను.

నా చేతికి కూడా ఒక దూది పెట్టుకుని బయటికి వచ్చాను. బాపు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం బాపు ఇంకా హాల్లోనే కుర్చీలు సర్దిస్తున్నాడు. ఇంట్లో అమ్మ చీరకు గమ్ముతో రాళ్ళు అంటిస్తూ కూర్చుంది. ఇంటి దగ్గర ఆమె చేసే పని అది. రక్తం పోయిందని నాకోసం ఖర్జూరాలు నానబెట్టి ఉంచింది. నేను వంటింట్లోకి, గుమ్మంలోకి, మళ్ళీ వంటింట్లోకి తిరుగుతున్నాను.

"కూసో. రక్తమిచ్చినంక గిట్ల తిరుగుతరా? చెయ్యి ఇటు తే, నొప్పుందా?" అని నా చెయ్యి లాక్కుని పట్టీ తీసింది.

దూది తెల్లగా ఉంది. కింద చర్మం మీద ఏమీ లేదు.

"ఏదే సూది గుర్తు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ పొద్దున్న ఒకసారి నోరు తెరిచాక మళ్ళీ మూసుకోవడం చేతకాలేదు. "ఇయ్యలేదమ్మా" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. మొత్తం అంటే గది కూడా. అమ్మ కొట్టింది. గమ్ము చేత్తో కొట్టడం వల్ల ఒక మెరిసే రాయి నా చెంపకు అంటుకుంది. కొట్టిన చెయ్యితోనే దాన్ని గిల్లి తీసి పళ్ళెంలో వేసింది.

"కడుపా?"

"కాదు."

"మరేంది?"

ఆమెకు కూడా ఆ ఒక్క భయమే ఉందనుకున్నాను. రోగాల గురించి చెప్పాను. అతను రక్తం ఇవ్వడానికి ఎందుకు వచ్చాడో కూడా చెప్పాను, టెస్టు చేస్తారు, ఫోన్ రాకపోతే ఏమీ లేనట్టే అనుకున్నాడని. ఆ మాట దగ్గర అమ్మ చేతిలో చీర జారింది.

"ఫోన్ రాకపోతే ఏం లేనట్టు గాదా?" అంది.

"కాదమ్మా. ఒక్కోసారి దొరకదు."

చీర మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని "ఆ టెస్టు ఏడ జేస్తరు?" అంది. చెప్పాను. "రేపు పోదాం. మీ బాపుకు నేను జెప్పుకుంట, బజారుకు పోతున్నమని."

ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు దాని కోసమే చదువుతారు. నాకు హెచ్ఐవి లేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించుకున్నాను, అప్పుడూ లేదు. అతని మంట మాత్రం నాకూ అంటుకుంది, నాకు తెలియకుండానే లోపల ఉంది. ఇద్దరికీ మందులిచ్చారు, తగ్గింది. అతను కూడా మరునాడే వెళ్ళాడు, అంతవరకు మెచ్చుకోవాలి. వడోద్ గది తాళం చెవి మాత్రం మళ్ళీ నా చేతికి రాలేదు.

మరునాడు పెద్దాసుపత్రిలో పరీక్షల గది ముందు బెంచీ మీద అమ్మ కొంగు తల మీద కప్పుకుని కూర్చుంది. కౌన్సెలర్ మేడమ్ నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. అడిగినవన్నీ అసలు మాటలతోనే చెప్పాను. ఎవరూ అరవలేదు, ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. పక్క గదిలో రక్తం తీశారు. ఈసారి నిజం దూది నొక్కుకుంటూ బయటికి వచ్చేసరికి అమ్మ లేచి నిలబడి జాకెట్ చెయ్యి పైకి లాక్కుంటోంది.

"నాకు గూడ తియ్యమను."

"నీకెందుకమ్మా?"

"మీ బాపు నన్ను సూరత్‌కు తెచ్చుకోకముందు ఈడ ఒక్కడే ఉండె. పాండేసరల గది, అందరు మొగోళ్ళే. ఏడాదికోపారి ఊరికొచ్చేటోడు. వచ్చినప్పుడల్ల అడుగుదామనుకునేదాన్ని. ఎట్లడుగుత? మంచిగున్నవా అని అడిగేదాన్ని. మంచిగనే ఉన్న అనేటోడు." కారిడార్ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఎవలో జెప్పిన్రు, రక్తమిస్తే అన్ని టెస్టులు జేస్తరని. గందుకే మీ బాపును రక్తమియ్య పొమ్మన్న. పుణ్యం అని జెప్పిన. ఫోన్ రాలే. మల్లేడు గూడ పొమ్మన్న. మల్ల రాలే. ఏటేట గట్లనే ధైర్యం జెప్పుకున్న. ఇచ్చి ఇచ్చి ఆఖరికి ఆయినే శిబిరం పెట్టుడు షురూ జేసిండు."

ఎన్నో రోజుల తర్వాత మొదటిసారి ఒక చోట కదలకుండా నిలబడ్డాను. మా బాపు శిబిరం, మైకు, స్టీలు డబ్బాలు, చప్పట్లు, అన్నీ అమ్మ అడగలేకపోయిన ఒక్క ప్రశ్న లోంచి పుట్టాయి. పాపం బాపుకు అది ఇప్పటికీ తెలియదు. తన సేవ చూసి పెళ్ళాం మురిసిపోతోందనుకుంటాడు.

అమ్మ పరీక్షలో ఏమీ రాలేదు. అది తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం ఆమెను తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాను. అమ్మకు హిందీ సరిగా రాదు. నన్ను బయటికి పంపాలా అని మేడమ్ అడిగితే అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కాబట్టి మళ్ళీ నేనే మధ్యలో కూర్చున్నాను. కామెర్లు, జ్వరాలు, పాత ఆపరేషన్లు అయ్యాయి. తర్వాత మేడమ్ ఆ ప్రశ్న అడిగింది, మీ ఆయనకు బయట ఎవరితోనైనా సంబంధం ఉందా, ఎప్పుడైనా ఉండేదా అని.

నేను అమ్మ వైపు తిరిగి అడిగాను. ఒక్క మాట మింగకుండా, ఒక్క మాట మార్చకుండా అడిగాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. "తెల్వదని జెప్పు బిడ్డా" అంది. "నేను అడగలేదని జెప్పు."